నూలు, నైలాను, నూకరత్నం

పిప్పెట్టు నోట్లో ఉన్నప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడితే మందు గొంతులోకి పోతుంది. ఈ ముక్క బి.ఎస్సీ. కుర్రాళ్ళకి వారం వారం చెప్పే డెమాన్‌స్ట్రేటరు చిట్టిబాబు, గుమ్మంలోంచి ఒక ఆడగొంతు తన పేరు పిలిచినప్పుడు పలకలేక కళ్ళు మాత్రం తిప్పి చూశాడు.

"నైలాను దారం ఇచ్చిన చిట్టిబాబు గారంటే ఎవరండీ?"

ల్యాబులో ఉన్న పాతికమంది కుర్రాళ్ళూ ఒకేసారి వేళ్ళు చూపించారు. అది 1958 శ్రావణమాసం. ఏలూరులో ఆ కెమిస్ట్రీ ల్యాబులోకి అదివరకు ఆడపిల్ల అడుగుపెట్టిన జ్ఞాపకం ఎవరికీ లేదు. అటెండరు అబ్బులు ఆమెకి స్టూలు వెయ్యాలో, బయటికి పొమ్మనాలో తేల్చుకోలేక స్టూలు పట్టుకుని దారిలోనే నిలబడిపోయాడు.

ఆమె స్టూలు కోసం ఆగలేదు. చంకలో ఉన్న గోనె మూట తెచ్చి చిట్టిబాబు ముందు బల్ల మీద విప్పింది. అందులో వల ఉంది. వల అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. దారాలు మెలికలు తిరిగి, కొన్ని కన్నులు మూసుకుపోయి, కొన్ని సాగిపోయి, వారం రోజులు దువ్వని జుట్టులా ఉంది.

చిట్టిబాబు పిప్పెట్టు దించాడు. "ఇదేంటండీ?"

"అది మీరు చెప్పాలండి. నలభై రోజులు కూర్చుని అల్లాను. ఫిషరీస్ ఆఫీసు వాళ్ళు మా నాన్నకి మీ దారం ఉండలిచ్చి, ఇది కుళ్ళదు, తెగదు, కాలేజీలో మేష్టారు తయారు చేశారు అన్నారు. నిజమే. కుళ్ళలేదు, తెగలేదు. చేపలు పట్టడానికి మటుకు పనికిరాదు."

"నీళ్ళలో వేసే ముందు దీన్నేం చేశారండీ?"

"ఏం చేస్తామండీ? తుమ్మబెరడు కషాయంలో ఉడకబెట్టాం."

"ఉడకబెట్టారా!"

"కొత్త వల ఉడకబెట్టకుండా ఎవరైనా నీళ్ళలో దింపుతారా అండీ?"

"నూలు వలైతే కుళ్ళకుండా ఉడకబెడతారండీ. ఇందులో నైలాను ఉంది. వేడి నీళ్ళలో నూలు ముడుచుకునే తీరు వేరు, నైలాను ముడుచుకునే తీరు వేరు. రెండూ కలిపి పేనిన దారాన్ని ఉడకబెడితే ఇలాగే అవుతుంది."

"ఆ మాటే ఒక చీటీ మీద రాసి ఉండకి కట్టి పంపొచ్చు కదండీ?"

చిట్టిబాబు ఒక దారం కొస విప్పి చూశాడు. తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర వాళ్ళ నాన్నకి తాళ్ళ కొట్టు ఉంది. అక్కడి చక్రం మీదే, రెండు పోగుల నూలుకి ఒక పోగు నైలాను చొప్పున, తనే స్వయంగా ఆ దారం పేనాడు. బలం కొలిచాడు, సాగుదల కొలిచాడు, పట్టికలు గీశాడు. దాన్ని ఉడకబెడతారన్న ఊహే అతనికి రాలేదు.

"మీదే ఊరండీ?" అందా అమ్మాయి.

"తాడేపల్లిగూడెం. మా తాతగారిది కొల్లేరేనండి."

"కొల్లేటివాళ్ళ మనవడై ఉండి వల ఉడకబెడతారని తెలీదా?"

పాతికమంది కుర్రాళ్ళూ బ్యూరెట్ల వంక మహా శ్రద్ధగా చూస్తున్నారు. చిట్టిబాబు చెవులు ఎర్రబడ్డాయి.

"పోనీ, కొత్త దారం పేనిస్తానండి. మళ్ళీ అల్లుకోవచ్చు. ఒక్క వలకి ఇంత కోపం ఎందుకండీ?"

ఆమె మూట మళ్ళీ కట్టింది. తర్వాత గొంతు తగ్గించి, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"నా పేరు నూకరత్నం. స్కూల్ ఫైనల్ ప్యాసయ్యాను. కాకినాడలో ఏడాది పాటు వలల ట్రైనింగు ఇస్తున్నారు. వెళ్తానంటే నాన్న పందెం కట్టారు. నా కొత్త వల కార్తీక పున్నమి లోపల తన పాత వల కంటే ఎక్కువ పట్టిందా, ఏడాది దాకా ఆయన నోట నా పెళ్ళి మాట రాదు, కాకినాడ వెళ్ళొచ్చు. పట్టలేదా, మాఘమాసంలో గణపవరం సంబంధం. అబ్బాయి మంచివాడేనంట. నాకు మటుకు కాకినాడ కావాలి. అందుకండీ కోపం."

"కార్తీక పున్నమికి ఇంకా టైముందండి," అన్నాడు చిట్టిబాబు. ఆ తర్వాత అతను అన్న మాట అతనికే ఆశ్చర్యం కలిగించింది. "ఆదివారం నేనే వస్తాను."

* * *

చిట్టిబాబు అందగాడని చెప్పడానికి ఆధారాల్లేవు. కాదని చెప్పడానికీ లేవు. ఇరవై నాలుగేళ్ళు, రెండు జతల బట్టలు, వాల్తేరు యూనివర్సిటీలో రీసెర్చి సీటు మీద గంపెడాశ. అక్కడి ప్రొఫెసరు గారొకాయన అతనికి ఇంగ్లీషు జర్నలు కాయితాలు కొన్ని పంపారు. అవి బ్లాక్ కోపాలిమర్లనే కొత్త సంగతి గురించి. రెండు రకాల అణువులని పూసల్లా ఒకటి విడిచి ఒకటి గుచ్చితే ఒక పదార్థం వస్తుంది. అవే పూసల్ని, ఒక రకమంతా ఒక వరస, రెండో రకమంతా ఇంకో వరస గుచ్చి, రెండు వరసల కొసలూ కలిపితే మరో పదార్థం వస్తుంది. సరుకు ఒకటే, గుణం వేరు. ఏది ఎంత పాలు ఉంటే లోపలి అమరిక ఎలా మారుతుందో, బలం ఎలా మారుతుందో అప్పటికింకా ఎవరూ పూర్తిగా తేల్చలేదు.

"ఈ సూత్రాన్ని మీ చుట్టుపక్కల కనిపించే దేంట్లోనైనా చూపించి నాలుగు పేజీలు రాసి పంపు. తర్వాత సీటు సంగతి చూద్దాం," అని ప్రొఫెసరు గారు రాశారు. చిట్టిబాబు ఆ జర్నలు కాయితాలు ఏడుసార్లు చదివాడు. ఏడుసార్లూ బాగానే అర్థమైందనుకున్నాడు.

ఆదివారం జట్కా దిగి, కాలవగట్టున నడిచి, కొల్లేటి ఒడ్డుకి చేరేసరికి నూకరత్నం తాటిదోనెతో సిద్ధంగా ఉంది. ఆమె నిలబడి గెడ వేస్తోంది. అతను దోనె మధ్యలో కూర్చుని రెండు అంచులూ పట్టుకున్నాడు.

"అంచులు వదిలెయ్యండి. మీరు పట్టుకున్నంత మాత్రాన అది ఆగదు."

"నేను ఆగుతానండి, అందుకు పట్టుకున్నాను."

ఇలాంటి కథల్లో ఇక్కడ వాన పడాలి. పడింది కూడా. కిక్కిస గడ్డి పొదల అవతల నుంచి చినుకులు నీటి మీద పరుగెత్తుకుంటూ వచ్చి ఇద్దర్నీ తడిపి పోయాయి. నూకరత్నం జడలో కనకాంబరాలూ మల్లెలూ కలిపి కట్టిన దండ ఉంది. చిట్టిబాబు దాని వంక చాలాసేపు చూశాడు.

"దండ చూస్తున్నారా, మనిషిని చూస్తున్నారా?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

"కట్టిన తీరు చూస్తున్నానండి. ఒక మల్లె, ఒక కనకాంబరం. ఒకటి విడిచి ఒకటి."

"అబద్ధం ఆడ్డం కూడా సరిగా రాదు మీకు."

అతను నిజమే చెప్పాడు. కొంతవరకు.

నీళ్ళ నడుమ లంకలో పెద్దిరాజు ఇల్లు ఎత్తుగా మట్టి దిబ్బ మీద ఉంది. పెద్దిరాజు నూకరత్నం తండ్రి. అయిదు మాటలు అవసరమైన చోట రెండు వాడే మనిషి. "వచ్చారా? కూర్చోండి," అని ఆ పూటకి తన వాటా ముగించాడు. ఆయన తల్లి వెంకటనరసమ్మ మిగతా ముగ్గురి వాటా కూడా తనే మాట్లాడుతుంది.

"ఎవరి మనవడివి బాబూ?"

"బుల్లిరాజు గారి మనవణ్ణండీ."

"మన బుల్లిరాజా! కొల్లేటి మొత్తానికి వాడంత వలకాడు లేడు నాయనా!" అని ముసలమ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. "వాడి మనవడివి నువ్వా?"

ఆ రెండో ప్రశ్న చిట్టిబాబుకి చాలాకాలం గుర్తుంది.

* * *

పని మొదలైంది. ఎనిమిది పోగుల దారంలో ఒక పోగు నైలాను, ఏడు నూలు. తర్వాత రెండు, ఆరు. మూడు, అయిదు. అలా ఏడు రకాలు తాడేపల్లిగూడెంలో నాన్న కొట్లో పేనుకొచ్చాడు చిట్టిబాబు. నూకరత్నం ఒక్కోదానితో మూరెడు వల ముక్క అల్లింది. ఏ ముక్క ఏదో తెలిసేలా పైన ముళ్ళేసి గుర్తు పెట్టింది. అన్నిటినీ నానబెట్టి, ఎండబెట్టి, అతను స్ప్రింగు త్రాసుకి తగిలించి లాగాడు. ఆమె స్కూలు నోట్సు వెనక పేజీల్లో అంకెలు రాసింది.

"నాకిచ్చి చూడండర్రా," అంది వెంకటనరసమ్మ. ఆమెకి కళ్ళు సరిగా ఆనవు. ముక్కలన్నీ వేళ్ళ మధ్య నలిపి చూసి వరసగా పేర్చింది. "ఇది పర్వాలేదు. ఇది దీనికి తమ్ముడు. ఇదేంటి, ఇది వలా, దరిద్రమా?"

దరిద్రం అన్న ముక్క సగం నైలాను, సగం నూలు. చిట్టిబాబు పట్టికలో కూడా అదే అట్టడుగున ఉంది. ముసలమ్మ వేళ్ళ వరసా, త్రాసు వరసా ఒక్క చోట కూడా తేడా రాలేదు. అతను రెండుసార్లు సరిచూసుకుని త్రాసు పక్కన పెట్టేశాడు.

నాలుగు ఆదివారాలు గడిచాయి. నైలాను తక్కువ కలిపితే ఉన్నా లేనట్టే ఉంది. ఎక్కువ కలిపితే తాడుకి కట్టిన చోట ముడి నిలవడం లేదు, జారిపోతోంది. సమానంగా కలిపితే నూలు ముడుచుకుపోయి నైలాను ఉంగరాలు ఉంగరాలుగా బయటికొస్తోంది. ఈ లోపల అతను దోనెలో అంచులు పట్టుకోకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆమె అతని కోసం చేపల పులుసులో కారం తగ్గించడం నేర్చుకుంది. మొదటిదాన్ని అతను గొప్పగా చెప్పుకున్నాడు, రెండోదాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

అయిదో ఆదివారం నూకరత్నం విసుగెత్తి వల అల్లే సూది కింద పడేసింది.

"అసలు కలిపి పేనడం ఎందుకండీ? ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు వండితే ఏ కూరా కుదరదు. వేరే పొయ్యిలు పెట్టండి. ఇల్లు మాత్రం ఒకటే ఉండనీండి."

"అంటే?"

"వల నడుం అంతా నైలానే. చేప వచ్చి కొట్టుకునేది అక్కడే. సాగాలి, కనపడకూడదు. చుట్టూ అంచంతా నూలే. తాడుతో, బరువుకి కట్టే గుళ్ళతో రాపిడి అక్కడే, ముడి నిలవాలి. నూలు అంచుని ముందే ఉడకబెట్టేద్దాం, ముడుచుకునేదేదో ముడుచుకుంటుంది. ఆ తర్వాతే నడుముకి కలుపుదాం. రెండూ కలిసేది ఒక్క వరసలోనే. దాని పని అది చేస్తుంది, దీని పని ఇది చేస్తుంది."

చిట్టిబాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"తప్పా అండీ?"

"తప్పు కాదండి. సంచిలో కాయితాలున్నాయి, ఒక్క నిమిషం..." అని తడబడుతూ జర్నలు కాయితాలు తీసి ఆమె ముందు పరిచాడు. "మీరు చెప్పింది ఇదేనండీ! రెండు రకాల గొలుసులు. ఒకదానికొకటి పడదు. కలగలిపితే రెండూ చెడతాయి. కొసలు మాత్రం ముడేస్తే విడిపోలేవు, కలిసిపోనూ లేవు. అందుకని దేని చోటు అది చేసుకుంటుంది. ఏది ఎంత పాలు ఉందో దాన్ని బట్టి ఆ చోటు రూపం మారుతుంది. తక్కువగా ఉన్నది చుక్కలు చుక్కలుగా చేరుతుందేమో, సమానంగా ఉంటే పొరలు పొరలుగా పరుచుకుంటుందేమో. ఇంకా ఎవరూ కళ్ళారా చూడలేదు."

"పులుసు మీద నూనెలాగా. కాస్త ఉంటే చుక్కలు, బాగా ఉంటే పొర."

"అచ్చంగా."

"అయితే ఇది మీ దగ్గర మొదట్నుంచీ ఉందన్నమాట! ఇన్ని ఆదివారాలు నాతో ఆ ముక్కలన్నీ ఎందుకు అల్లించారు?"

"చదివాను గాని, ఇప్పటిదాకా అర్థం కాలేదండీ," అన్నాడు చిట్టిబాబు. అంత నిజాయితీగా ఓడిపోయిన మేష్టార్ని నూకరత్నం అదివరకు చూడలేదు. ఆ క్షణంలో అతనంటే ఆమెకి చాలా ఇష్టం కలిగింది. కలిగినట్టు కనపడకుండా సూది వెతుక్కుంది.

అంచు ఎంత, నడుం ఎంత అన్నది తేల్చడానికి మరో రెండు వారాలు పట్టింది. అంచు మరీ సన్నమైతే ముళ్ళు తెగుతున్నాయి, మరీ వెడల్పైతే వల బరువెక్కుతోంది. చివరికి మూడింట ఒక వంతు నూలు, రెండు వంతులు నైలాను దగ్గర కుదిరింది. ఉడికిన నూలు కన్నులు చిన్నవి కాబట్టి, కలిపే వరసలో నాలుగు నూలు కన్నులకి మూడు నైలాను కన్నులు.

"చూశారా," అన్నాడు చిట్టిబాబు ఆ వరస మీద వేలు పెట్టి. ధైర్యం చేసి మరో మాట అన్నాడు. "గుణాలు వేరైనా ఒక్కచోట ముడిపడితే చాలు. మనుషులు కూడా అంతేనేమోనండీ."

"నన్ను నైలానుతో పోల్చకండి," అంది నూకరత్నం.

"నూలుతో?"

"దానితో అసలే వద్దు." కాని ఆమె నవ్వింది. చిట్టిబాబు ఆ నవ్వు పట్టుకుని గూడెం దాకా వెళ్ళి, వాళ్ళ నాన్నతో పెళ్ళి మాట చెప్పేశాడు. "బుల్లిరాజు మనవడు కొల్లేటికి పోతానంటే కాదంటానా! పున్నమి వెళ్ళాక నేనే వచ్చి పెద్దిరాజుని అడుగుతాను," అన్నాడు ఆ పెద్దాయన, తాడు కొలుస్తూనే.

* * *

చెడింది ఆ తర్వాతి ఆదివారమే. చిట్టిబాబు వాల్తేరు పంపబోయే నాలుగు పేజీలు ఉత్సాహంగా తెచ్చి నూకరత్నం చేతిలో పెట్టాడు. ఆమె స్కూల్ ఫైనల్ ఇంగ్లీషు ఆ పేజీలకి చాలింది. మెల్లిగా చదివింది. మూడో పేజీలో ఆగింది.

"'లోకల్ ఫిషర్‌విమెన్' సాయంతో వల తయారైంది అని రాశారు. ఆ విమెన్‌లో నేనేదండీ?"

"అది... అలా రాయడం పద్ధతండీ."

"ఎవరి పద్ధతి?"

"అంటే, రీసెర్చి పేపర్లలో..."

"మీ పేరు పైన పెద్ద అక్షరాలతో ఉంది. త్రాసు కంపెనీ పేరు కూడా ఉంది. చూడండి, ఇక్కడ. త్రాసుకి ఉన్నపాటి పేరు నాకు లేదా అండీ?"

చిట్టిబాబు పేజీల కోసం చెయ్యి చాపాడు.

"వల పూర్తి చేద్దాం," అంది ఆమె పేజీలు మడిచి అతని చేతిలో పెట్టి. "నాకు పందెం ఉంది, అందుకు. ఇక నుంచి కన్నుల లెక్క తప్ప నాతో వేరే మాట వద్దండి."

గూడెం చేరాక చిట్టిబాబు ఆ నాలుగు పేజీలు చింపేశాడు. ఆమె మీద కోపంతో కాదు, తన మీద సిగ్గుతో. మళ్ళీ మొదట్నుంచి రాశాడు. వాల్తేరుకి పోస్టు చేశాడు. ఏం రాశాడో ఆమెకి చెప్పలేదు. చెబితే మెచ్చుకోమని అడిగినట్టు ఉంటుందని అతని బాధ.

తర్వాతి ఆదివారాలు ఇలా గడిచాయి.

"నాలుక్కి మూడేనా అండీ?"

"ఆ, నాలుక్కి మూడేనండి."

"ఈ పక్క?"

"ఆ పక్కా అంతేనండి."

వెంకటనరసమ్మ ఒకరోజు విని విని, "మీ ఇద్దరికీ లెక్కలు తప్ప మరేం రావేంటే?" అంది. ఇద్దరూ తలొంచుకుని అల్లుకున్నారు. నూకరత్నం లోలోపల ఏడుపొచ్చేంత కోపంగా ఉంది. ఆ కోపం అతని మీదో, ఆదివారం త్వరగా అయిపోతున్నందుకో ఆమెకి స్పష్టంగా తెలియలేదు.

* * *

కార్తీక పున్నమికి రెండు రోజుల ముందు, పొద్దున్నే పందెం. ఒక దోనెలో పెద్దిరాజు తన పాత నూలు వలతో, రెండో దోనెలో నూకరత్నం కొత్త వలతో. ఆమెకి సాయం పట్టడానికి చిట్టిబాబు. మూడు దఫాలు వలలు పరచాలి, మూడు దఫాలు తియ్యాలి. బుట్టలు ఒడ్డున వెంకటనరసమ్మ చూస్తుంది.

మొదటి దఫాలో ఇద్దరికీ రెండేసి బుట్టలు. రెండో దఫాలో వల తీస్తుండగా పెద్ద వాలుగ చేపొకటి వచ్చి కొట్టుకుంది. దోనె ఊగింది. నూకరత్నం గబగబా లాగింది. వాలుగ పోయింది. దాంతోపాటు నూలూ నైలానూ కలిసే వరసలో బారెడు మేర విడిపోయింది.

"అయిపోయింది," అంది నూకరత్నం. ఆ దఫాలో పెద్దిరాజుకి రెండు బుట్టలు, ఆమెకి ఒకటి.

"అవలేదండి. సూది తెచ్చారా?"

"తెచ్చాను."

"నేను పట్టుకుంటాను. మీరు అల్లండి."

అతను మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతుల్తో రెండు అంచులూ దగ్గరికి పట్టుకున్నాడు. దోనె ఎటు ఊగినా వదల్లేదు. ఆమె వేళ్ళు అతని వేళ్ళ మధ్య నుంచి సూదిని దూరుస్తూ పోయాయి. చన్నీళ్ళకి ఇద్దరి చేతులూ తెల్లబడ్డాయి.

"ముడి రెండు చుట్లు వెయ్యండి," అన్నాడు అతను. "ఒక చుట్టే వేశాం. అక్కడే జారింది."

"ముందే చెప్పొచ్చు కదా?"

"నాకిప్పుడే తెలిసిందండీ."

మూడో దఫా వల దింపేసరికి ఎండెక్కింది. పెద్దిరాజు అప్పటికే తన వల తీసేశాడు. ఆయనకి మరో రెండు బుట్టలు. మొత్తం ఆరు. నూకరత్నం వల తియ్యడం మొదలుపెట్టింది. వల బరువుగా ఉంది. కలిపిన వరస నిలబడింది. కొర్రమీనులు, జెల్లలు, చివర మళ్ళీ ఒక వాలుగ. ఒడ్డున వెంకటనరసమ్మ ఒక్కో బుట్టా చేత్తో తడిమి చూసింది.

"నాలుగు! మొత్తం ఏడు! ఒరే పెద్దిరాజూ, ఓడిపోయావురా!" అని అరిచింది. కొడుకు ఓడిపోయినందుకు ఏ తల్లీ అంత సంతోషపడి ఉండదు.

పెద్దిరాజు కొత్త వల దగ్గరికి వచ్చి, కలిపిన వరసని లాగి చూశాడు. మరోసారి లాగి చూశాడు.

"బాగుంది. మాటంటే మాటే. ఏడాది దాకా నా నోట పెళ్ళి మాట రాదు. ఎవరొచ్చి అడిగినా రాదు. కాకినాడ వెళ్ళు."

నూకరత్నం చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిట్టిబాబు కూడా నవ్వాడు. నవ్వుతూనే, పున్నమి మర్నాడు సాయంత్రం రైలుకి వాళ్ళ నాన్న పెళ్ళి మాట అడగడానికి వస్తున్న సంగతి గుర్తొచ్చింది. పందెం గెలిపించడానికి మూడు నెలలు చెమటోడ్చి, తన దారికి తనే అడ్డం కట్టేసుకున్నాడు. గణపవరం అబ్బాయితో పాటు తనూ పోయాడు.

"మీకేమైందండీ, అలా అయిపోయారు?" అంది నూకరత్నం.

"ఏం లేదండి. సంతోషంగా ఉంది."

"మీ పేపరు సంగతేమైంది? వాల్తేరు నుంచి జవాబొచ్చిందా?"

అతను కొంచెం తటపటాయించి చొక్కా జేబులోంచి తడిసిన కవరు తీసి ఇచ్చాడు. నూకరత్నం విప్పి చదివింది. ప్రొఫెసరు గారు క్లుప్తంగా రాశారు. పేపరు చాలా బాగుందనీ, నూలునీ నైలానునీ విడివిడిగా ఉంచి ఒక్క వరసలో కలపాలన్న ఆలోచన కుమారి నూకరత్నానిదని స్పష్టంగా రాసి, ఆమె పేరు చిట్టిబాబు తన పేరు కంటే ముందు పెట్టినందుకు మెచ్చుకుంటున్నాననీ రాశారు. కాని ముఖ్యమైన ఆలోచన ఆమెది అయినప్పుడు చిట్టిబాబుది ఇందులో ఎంతో తనకి తెలియడం లేదనీ, ఈ ఏటి సీటు మరొకరికి ఇచ్చాననీ, సొంత పనితో వచ్చే ఏడు రమ్మనీ ముగించారు.

ఆమె రెండోసారి చదివింది.

"నా పేరు ముందు పెట్టారా?"

"ముందొచ్చింది మీ ఆలోచనే కదండీ."

"సీటు పోయిందా?"

"ఈ ఏటికి."

"నాకెందుకు చెప్పలేదు?"

"కన్నుల లెక్క తప్ప వేరే మాట వద్దన్నారు కదండీ."

నూకరత్నం ఉత్తరం జాగ్రత్తగా మడిచింది. అతనికి తిరిగి ఇవ్వలేదు. బుట్టలు ఎత్తుతున్న తండ్రి దగ్గరికి నడిచింది.

"నాన్నా, గణపవరం వాళ్ళకి వద్దని కబురు పంపెయ్యండి. ఏడాది అయ్యాక మీరు నా పెళ్ళి మాటెత్తే రోజున తాడేపల్లిగూడెం వెళ్ళండి. చిట్టిబాబు గారింటికి."

వెంకటనరసమ్మ చేతిలో బుట్ట జారిపోయింది. పెద్దిరాజు కూతురి వంకా, ఒడ్డున కర్రలా నిలబడ్డ చిట్టిబాబు వంకా మార్చి మార్చి చూశాడు.

"నన్ను పెళ్ళి మాటెత్తొద్దని, నువ్వే ఎత్తుతావేంటే?"

"పందెం మీ నోటికే కట్టారు నాన్నా. నేనేం ఒట్టు పెట్టుకోలేదు. కాకినాడ వెళ్ళి తీరతాను. ట్రైనింగు పూర్తి చేస్తాను. ఆ తర్వాత సంగతే చెబుతున్నాను."

పెద్దిరాజు జారిన బుట్ట నిలబెట్టి, చేపలన్నీ ఒక్కొక్కటే లోపల వేశాడు. అంతసేపూ చిట్టిబాబు ఊపిరి పీల్చుకున్నాడో లేదో చెప్పలేం. చివరికి ఆయన అతని వైపు తిరిగాడు.

"ఏం బాబూ? ఏడాది ఆగుతావా?"

"ఆగుతానండీ," అన్నాడు చిట్టిబాబు. "ఎంతకాలమైనా..."

"ఆయన్నడుగుతారేంటి నాన్నా!" అని మధ్యలోనే అందుకుంది నూకరత్నం. "ఆగాల్సింది నేను కూడాను."

తను కోరి గెలుచుకున్న ఏడాది ఎంత పొడుగ్గా ఉండబోతోందో ఆమెకి అప్పుడే తెలిసింది.